ముల్లు ఎత్తే చేయి

గ్రామఫోను రికార్డు పాట ముగిసినంత మాత్రాన ఊరకుండదు. గాయకుని కంఠం ఆగిన తరువాత కూడా పళ్ళెం తిరుగుతూనే ఉంటుంది. ముల్లు చిట్టచివరి గాడిలోకి చేరి అక్కడే వలయంగా పరిభ్రమిస్తుంది. తన మొదటికే తాను వచ్చి కలిసే ఆ గాడికి తుది లేదు. ‘టక్... టక్...’ అనే చిన్న చప్పుడు నిమిషానికి ముప్పైమూడు సార్లు వినిపిస్తూనే ఉంటుంది. ఎవరో ఒకరు లేచి వచ్చి ముల్లును పైకెత్తేవరకు దానికి విరామం లేదు. ఆ ఎత్తే చేయి మనిషిదా, యంత్రానిదా? రికార్డు ప్లేయరు కొనదలచినవారు నేటికీ మొట్టమొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే.

చేతితో నడిపే ప్లేయరును మాన్యువల్ అనీ, తనంతట తాను నడిచేదానిని ఆటోమేటిక్ అనీ వ్యవహరిస్తారు. మొదటిదానిలో ముల్లును మోసే సన్నని దండాన్ని వినేవారే పట్టుకొని రికార్డు అంచుమీదకు తెచ్చి దించాలి. పాట అయిన తరువాత వారే ఎత్తి యథాస్థానంలో ఉంచాలి. రెండవదానిలో మీట నొక్కితే చాలు. దండం లేస్తుంది, కదులుతుంది, దిగుతుంది, పాట ముగియగానే వెనుకకు మరలి పడుకొంటుంది, పళ్ళెం ఆగిపోతుంది. ఈ రెండింటికీ నడుమ సగం పని మనిషికి, సగం పని యంత్రానికి పంచి ఇచ్చే సెమీ ఆటోమేటిక్ రకం కూడా ఉన్నది.

రాజమహేంద్రవరంలోని ఒక ఇంట 2023 దసరా సెలవులలో ఈ ప్రశ్న నాలుగు రోజులపాటు చర్చకు వచ్చింది. ఆ ఇంటి యజమాని ఉన్నత పాఠశాలలో గణితం బోధించి విశ్రాంతి తీసుకొంటున్న ఉపాధ్యాయుడు. వయస్సు డెబ్బై ఎనిమిది. 1974లో ఆయన జీతంలో మిగిల్చి కొన్న రికార్డు ప్లేయరు పదిహేనేళ్ళు సేవచేసి, క్యాసెట్లు వచ్చిన తరువాత మూలపడింది. దాని మోటారు బిగుసుకొనిపోయింది. అటకమీద పాత దుప్పటిలో మూటగా ఉన్నది. రికార్డులు మాత్రం చెక్కపెట్టెలో భద్రంగా ఉన్నాయి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గానంచేయగా 1963లో వెలువడిన శ్రీ వేంకటేశ్వర సుప్రభాతం, ఘంటసాల మరణానంతరం 1974లో వెలువడిన భగవద్గీత, సినిమా పాటలు, కర్ణాటక సంగీత కచేరీలు కలిపి అరవై దాకా ఎల్.పి.లు. వాటి అడుగున, పాత జరీపంచెలో చుట్టి, పదకొండు లక్క రికార్డులు. అవి ఆయనవి కావు. ఆయన భార్య కోనసీమలోని పుట్టింటినుంచి తెచ్చుకొన్నవి. ఆమె తండ్రి కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనుపై విన్న కృష్ణరాయబార ఘట్టపు పద్యాలు వాటిలో ఉన్నాయి.

హైదరాబాదులో కొత్తగా ఉద్యోగంలో చేరిన మనుమరాలు తన తొలి జీతంతో తాతగారికి రికార్డు ప్లేయరు కొనిపెడతానని పండుగకు వస్తూనే ప్రకటించింది.

“తాతయ్యా, ఆటోమేటిక్ తీసుకొందాం. మీట నొక్కితే చాలు. అదే మొదలుపెడుతుంది, అదే ఆగుతుంది” అన్నది.

“మీట నొక్కి వినడానికైతే నీ సెల్‌ఫోను ఉంది కదమ్మా! రికార్డు దేనికి?” అన్నారాయన.

ఆయన మాటలో నిజం లేకపోలేదు. వేలకొలది పాటలు అరచేతిలో ఇమిడే కాలంలో రికార్డు కొని వినడం సౌకర్యం కోసం కాదు. అమెరికాలో 2022లో సీడీలకంటె ఎల్.పి. రికార్డులే ఎక్కువ సంఖ్యలో అమ్ముడయ్యాయి. 1987 తరువాత అట్లా జరగడం అదే మొదటిసారి. అంత సుఖమైన సాధనాలు ఉండగా జనం మళ్ళీ ఈ నల్లని పళ్ళేలవద్దకు ఎందుకు వెళ్ళారంటే, వినడమనేది ఒక పనిగా ఉండటంలో వారికి ఏదో తృప్తి దొరికినందువల్లనే. అట్టనుంచి రికార్డును వేళ్ళు తగలకుండా తీయడం, మెత్తని బ్రష్షుతో ధూళి తుడవడం, ఊపిరి బిగబట్టి ముల్లు దించడం, ఇవన్నీ శ్రోతను పాటకు సిద్ధపరుస్తాయి. పురాణ కాలక్షేపానికి వెళ్ళేవారు కాళ్ళు కడుక్కొని కూర్చోవడంవంటిదే ఇది. కథకు కాళ్ళతో పని లేదు. అయినా కడుక్కొన్నవాని వినికిడి వేరుగా ఉంటుంది.

మాన్యువల్‌ను సమర్థించేవారికి ఇంకొక బలమైన వాదం ఉన్నది. యంత్రంలో భాగాలు ఎంత తక్కువగా ఉంటే చెడేవి అంత తక్కువ. ఆటోమేటిక్ ప్లేయరు పళ్ళెం ఎత్తి చూస్తే అడుగున పళ్ళచక్రాలు, మీటలు, స్ప్రింగులు గడియారంలోవలె అల్లుకొని కనిపిస్తాయి. అది పనిచేసే తీరు తెలుసుకోదగినది. పాట ముగిసిందని యంత్రం చెవితో గ్రహించదు. రికార్డుపై పాట ఉన్నంతమేర గాడి చుట్లు వెంట్రుకవాసి ఎడంతో ఒత్తుగా ఉంటాయి. ముల్లు కేంద్రంవైపు నెమ్మదిగా జరుగుతుంది. పాట ముగిసినచోట చుట్ల మధ్య ఎడం హఠాత్తుగా పెరుగుతుంది. ముల్లు ఒక్కసారిగా లోపలికి జారుతుంది. ఆ వేగాన్నే కింద ఉన్న చిన్న మీట పసిగట్టి, తిరుగుతున్న పళ్ళెపు చక్రానికి తగులుకొంటుంది. ఆ పళ్ళెం బలంతోనే దండం పైకి లేచి, వెనుకకు వెళ్ళి, విద్యుత్తు తెగిపోతుంది. చమత్కారమైన ఏర్పాటే. కాని ఆ చక్రాలకు పూసిన గ్రీజు పది ఇరవై ఏళ్ళకు గట్టిపడి జిగురుగా మారుతుంది. అప్పుడు దండం సగంలో ఆగిపోతుంది, లేదా దిగవలసినచోట దిగదు. అందుకే నాదశుద్ధిని పట్టించుకొనే రసికులు చాలామంది మాన్యువల్‌నే కోరుకొంటారు. ఇంగ్లండులో తయారైన గారార్డ్ 301, రీగా ప్లానార్ 3, జపానులో 1972లో వెలువడిన టెక్నిక్స్ ఎస్.ఎల్. 1200, పేరుపొందిన ఈ ప్లేయర్లన్నీ చేతితో నడిపేవే.

అయితే ఆటోమేటిక్ అనగానే బద్ధకస్తుల కోసం నిన్న మొన్న పుట్టిందని అనుకోరాదు. దాని వెనుక ఒక నిజమైన ఇబ్బంది ఉన్నది. లక్క రికార్డు నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరుగుతుంది. పది అంగుళాల రికార్డు ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. పాశ్చాత్యుల సింఫనీ ఒకటి పూర్తిగా వినాలంటే నాలుగైదు రికార్డులు కావాలి. నాలుగు నిమిషాలకొకసారి లేవాలి. సంగీతం రసపట్టుకు వచ్చేసరికి ఆగిపోతుంది. ఆ బాధ తీర్చడానికే 1927లో అమెరికాలోని విక్టర్ సంస్థ రికార్డులను తానే మార్చుకొనే యంత్రాన్ని విపణిలోకి తెచ్చింది. తరువాత వచ్చిన ఛేంజర్లలో చాలావాటిలో రికార్డులను ఒకదానిపై ఒకటి దొంతరగా నడిమి కడ్డీకి ఎక్కించేవారు. ఒకటి ముగియగానే మరొకటి దానిపై జారిపడేది. ఈ యంత్రం ధాటికి రికార్డులు తయారుచేసేవారే తమ పద్ధతి మార్చుకొన్నారు. రెండు రికార్డుల జంటలో మొదటి భాగం వెనుక రెండవ భాగానికి బదులు నాలుగవ భాగాన్ని ముద్రించేవారు. రెండు రికార్డులూ వరుసగా జారిపడితే ఒకటి, రెండు భాగాలు వినవచ్చు. తరువాత దొంతరను మొత్తంగా బోర్లించి పెడితే మూడు, నాలుగు భాగాలు వస్తాయి. తెలియనివారు ఆ రికార్డును మామూలు ప్లేయరుపై వేసి వెనుకకు తిప్పితే, కథ మధ్యనుంచి ఒక్క గంతులో చివరికి వెళ్ళిపోతుంది! 1948లో నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్.పి. వచ్చిన తరువాత ఒక వైపే ఇరవై నిమిషాలకు మించి సాగడంతో ఈ తంటా చాలావరకు తీరింది.

లెక్కల మాస్టారు ఆ ఎల్.పి. గాడి పొడవును కూడా మనుమరాలికి లెక్కగట్టి చూపారు. ఇరవై రెండు నిమిషాల పాటకు సుమారు 733 చుట్లు. ఒక్కొక్క చుట్టు సగటున అరవై అయిదు సెంటీమీటర్లు. వెరసి దాదాపు అర కిలోమీటరు. “అంత దూరం నడిచిన ముల్లును చేత్తో ఎత్తి దించడం మర్యాద కదూ!” అని నవ్వారు.

తెలుగునాట రికార్డులను చేతితో నడపడంలో ఆరితేరినవారు మైకుసెట్టువారు. పెళ్ళి అంటే పందిరితోపాటు కొబ్బరిచెట్టుకు కట్టిన లౌడుస్పీకరు కూడా ఉండవలసిన రోజులవి. ఆ మైకుసెట్టు మనిషి ముందర పెట్టెలో రికార్డులు, పక్కన ప్లేయరు. పెండ్లికూతురు మండపానికి వస్తున్నదని ఎవరో కేక వేయగానే సాగుతున్న పాటను ఆపి, మరొకటి వేసి, పల్లవి మొదలయ్యే గాడిపైనే ముల్లు దించగలిగే నేర్పు అతనిది. దీపం వెలుగులో గాడుల నిగనిగలు చూసి పాటకూ పాటకూ మధ్య సందు పట్టేవాడు. మామూలు ఆటోమేటిక్ యంత్రం చేయలేని పని అది. ఆ పెళ్ళిళ్ళలో పిల్లలు పెండ్లికొడుకును చూసినదానికంటె అతని చేతిని చూసినదే ఎక్కువ.

మూడవనాడు సాయంకాలానికి తాతగారి పక్షమే నెగ్గేటట్లున్నది. మనుమరాలు ఒక కాగితంపై రెండు రకాల గుణదోషాలు రాసింది. మాన్యువల్ కొంటే మూడు వేగాలున్నది దొరుకుతుంది. ముల్లు మార్చుకొంటే లక్క రికార్డులు కూడా వినవచ్చు. వాటి గాడి ఎల్.పి. గాడికంటె బాగా వెడల్పు కనుక ముల్లు కూడా లావుగా ఉండాలి. ఆమెకు అందుబాటు ధరలో ఉన్న ఆటోమేటిక్‌కు 33, 45 అనే రెండు వేగాలే ఉన్నాయి. దాంతో నాయనమ్మ పుట్టింటి పద్యాలు ఎప్పటికీ పెట్టెలోనే ఉండిపోతాయి. తాతగారు ఆ వాదాన్ని గట్టిగా పట్టుకొన్నారు. “మీ నాయనమ్మ కోసమైనా మాన్యువలే కొనాలి” అన్నారు.

నాయనమ్మగారు గుమ్మంవద్ద పీటవేసుకొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. ఆమె వయస్సు డెబ్బై రెండు. నాలుగు రోజులుగా సాగుతున్న చర్చలో ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

“లేచేది ఎవరో తేలిందా?” అన్నారామె, చేతిలో పని ఆపకుండానే.

“లేవడమేమిటి నాయనమ్మా?”

“పాట అయిపోయాక ముల్లు ఎత్తడానికి ఎవరు లేస్తారని అడుగుతున్నా.”

“నేనే లేస్తాను” అన్నారు తాతగారు.

ఆమె చిన్నగా నవ్వారు. “ఆ పదిహేనేళ్ళల్లో ఎన్నిసార్లు లేచారండీ? లెక్కల మేష్టారు కదా, మీరే చెప్పండి.”

ఆయన సమాధానం చెప్పలేదు. ఆ పదిహేనేళ్ళూ రికార్డు పెట్టినది ఆయనే. అట్టనుంచి తీసినది, తుడిచినది, ముల్లు దించినది ఆయనే. అటు తరువాత పడకకుర్చీలో వాలి కన్నులు మూసుకొని వినేవారు. పాట ముగిసేది. రాగం ఇంకా చెవులలో ఉండేది కాబోలు, ఆయన కన్నులు తెరిచేవారు కారు. ముల్లు చివరి గాడిలో టక్కుటక్కుమనేది. అప్పుడు వంటింటిలోనుంచి ఆమె కొంగుతో చేతులు తుడుచుకొంటూ వచ్చి, ముల్లు ఎత్తి, మళ్ళీ లోపలికి వెళ్ళేవారు. తెల్లవారుజామున సుప్రభాతం పెట్టిన రోజుల్లో పాలు పొంగేదీ, ముల్లు చివరికి చేరేదీ ఒకే వేళ. ఒక్కొక్కనాడు ముల్లు ఎత్తి వచ్చేసరికి పాలు పొయ్యిపాలయ్యేవి. ఆ రికార్డు ఒక వైపు ఆసాంతం కూర్చొని విన్నది తన జీవితంలో లేదని ఆమె అన్నారు. ఫిర్యాదుగా అనలేదు, చిక్కుడుకాయలు ఎన్ని ఉన్నాయో చెప్పినట్లు అన్నారు.

చేతితో నడిపే యంత్రం గొప్పదని చెప్పే పుస్తకాలన్నీ చేయి అనేది వినేవానిదేనని తలచి రాసినవి. ఒంటరిగా కూర్చొని వినే యువకునికి ఆ మాట చెల్లుతుంది. అతనికి మాన్యువలే మేలు. తక్కువ ధరకు ఎక్కువ నాణ్యత దొరుకుతుంది, రికార్డుపట్ల శ్రద్ధ అలవడుతుంది. కాని పదిమంది ఉన్న ఇంట రసాస్వాదన ఒకరిది, లేవడం మరొకరిది కావడం పరిపాటి. అటువంటి ఇంట మాన్యువల్ కూడా ఒకరి పాలిటికి ఆటోమేటిక్‌గానే పనిచేస్తుంది. మీట నొక్కవలసిన అవసరం కూడా లేకుండా పనిచేస్తుంది.

“మరి మీ నాన్నగారి పద్యాలో?” అని ఆయన కొంతసేపటికి అడిగారు. ఈసారి ఆ ప్రశ్నలో వాదం లేదు.

ఇది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. లక్క రికార్డు పింగాణీవంటిది, జారితే ముక్కలవుతుంది. భారతదేశంలో 1960వ దశకంలో కూడా అవి తయారయ్యాయి కాని, వాడుకలో అరిగినవి, పగిలినవి పోగా నిలిచినవి ఇండ్ల అటకలమీద ఉన్నవే. ఆ పదకొండింటిలో ఉన్న కంఠాలు మరెక్కడైనా ఉన్నాయో లేవో ఆ ఇంట ఎవరికీ తెలియదు. వాటిని వినగలిగే యంత్రం కొనే అవకాశం చేతికి వచ్చినప్పుడు వదులుకోవడమంటే, తండ్రి విన్న గొంతును ఆమె ఇక ఈ జన్మలో వినకపోవడమే కావచ్చు.

ఆమె ఈనెలు తీసిన కాయలను పళ్ళెంలోకి వేసి, చేతులు దులుపుకొన్నారు.

“వాటికి మూడు నిమిషాలకోసారి లేవాలి. నా మోకాళ్ళవల్ల కాదు. మీవల్లా కాదు. ఆ పద్యాలు నాకు వచ్చు. సుప్రభాతమే, ఎప్పుడూ కుదురుగా వినలేదు” అన్నారు.

ఆటోమేటిక్ ప్లేయరే వచ్చింది. మనుమరాలు తిరిగి వెళ్ళేముందు దానిని గదిలో అమర్చి, ముల్లు బరువు సరిగా ఉన్నదో లేదో చూసింది. కీ గ్రామఫోనుల కాలంలో ముల్లుపై పడే బరువు వంద గ్రాములు మించేది. ఇప్పటివాటిలో రెండు మూడు గ్రాములే. ఆటోమేటిక్ యంత్రాలు రికార్డులను గీరివేస్తాయన్న భయం ఈనాటి మంచి ప్లేయర్లకు వర్తించదు. దొంతరగా రికార్డులు జారిపడే పాత ఛేంజర్ల అపకీర్తి వీటికి వారసత్వంగా వచ్చింది, అంతే.

మరునాటి ఉదయం సుప్రభాతం పెట్టారు. ఆయన అలవాటుగా ముల్లుకోసం చేయి చాచి, మళ్ళీ వెనుకకు తీసుకొని, మీట నొక్కారు. దండం లేచి అంచుమీద దిగింది. ఆమె కుర్చీలో కూర్చొన్నారు. పాలు ముందే కాచి దించారు. ఇరవై నిమిషాలు ఇద్దరూ మాట్లాడలేదు. మధ్యలో రెండుసార్లు ఆమె కుర్చీ చేతులు పట్టుకొని లేవబోయి, మళ్ళీ వెనుకకు ఆనుకొన్నారు. పాట ముగిసింది. ముల్లు లోపలికి జారింది. ఒక్క చిన్న చప్పుడు. దండం లేచి తన చోటికి వెళ్ళింది. పళ్ళెం నెమ్మదించి ఆగింది.

గదిలో నిశ్శబ్దం. ఎంత ఆటోమేటిక్ అయినా ఆ యంత్రానికి రికార్డును రెండవ వైపుకు తిప్పడం రాదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తోచింది. ఆయన కుర్చీలోనుంచి మెల్లగా లేచారు.

ఆ రాత్రి మనుమరాలు హైదరాబాదునుంచి ఫోను చేసి, రాయబారం పద్యాలు ఎట్లా ఉంటాయో పాడి వినిపించమని నాయనమ్మను అడిగింది. ఆమె కొంత బిడియపడి, గొంతు సవరించుకొని మొదలుపెట్టారు. చిన్ననాడు విన్న రాగం, విరుపులు, నటుని ఆలాపన, ఏదీ తప్పలేదు. పద్యం సగానికి వచ్చి, ఒక పదం నడుమ ఆగిపోయింది. మరచిపోయారేమోనని అవతల మనుమరాలు, ఇవతల ఆయన ఎదురుచూశారు.

“ఇక్కడ ప్లేటు తిప్పాలి” అన్నారామె. ఊపిరి తీసుకొని, మిగిలిన సగం అందుకొన్నారు.